లింకుల పట్టీ నుంచి పీరియడ్ కార్డు దాకా: కడప జిల్లాలోని మా స్కూల్ కాంప్లెక్సు ప్రాజెక్టు డైరీ

జూన్ 28

మా కాంప్లెక్సు (దగ్గరదగ్గరి బడులను కలిపిన జట్టు) ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో రెండేళ్లుగా వచ్చిపడిన ఆన్‌లైన్ లింకులన్నింటినీ ఒకచోట పట్టీగా రాయమని హెచ్.ఎం. గారు నాకు అప్పగించి వారం అయింది. ఇవాళ్టికి లెక్క తేలింది: 312. ఒకే లింకు నాలుగైదు సార్లు వచ్చినవీ, శుభోదయం సందేశాల అడుగున అంటుకొని వచ్చినవీ తీసేస్తే 240 మిగిలాయి. మధ్యాహ్నం సమావేశంలో ఆ పట్టీ చూపించి, వీటిలో తరగతి గదిలో ఒక్కసారైనా వాడినవి ఏవని అడిగితే, వచ్చిన 23 మందిలో చేతులెత్తినవారు నలుగురు. భౌతికశాస్త్రం చెప్పే నేను ఆ నలుగురిలో లేను.

అందుకని పట్టీని పెంచే పని మానుకొని, కోసే పని పెట్టుకున్నాము. ఒక వనరు మా పట్టీలో నిలవాలంటే మూడు షరతులు. నెట్ లేని రోజున కూడా అది నడవాలి. ఏ తరగతిలో, ఏ పాఠానికి, ఎన్నో పీరియడులో పనికొస్తుందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. మూడో షరతు మా పెద్ద తెలుగు సారు చెప్పినది: "బొమ్మ చూపిస్తే పిల్లోళ్లు చూస్తారు సార్. చూపించే ముందు ఏమడగాలో మనకు తెలియకుంటే అది సినిమా అయిపోతుంది." ఈ మూడింటినీ అరపేజీలో రాసి ఉంచే కాగితానికి పీరియడ్ కార్డు అని పేరు పెట్టుకున్నాము. డిసెంబరు నాటికి కాంప్లెక్సులోని అన్ని బడులకూ కార్డులు అందాలన్నది గడువు.

జూలై 7

కోత మొదలైంది. తెరుచుకోనివి, పేరూ ఫోను నంబరూ ఇస్తే తప్ప లోపలికి రానివ్వనివి, రెండు పేజీలు చూపించి మూడో పేజీకి డబ్బు అడిగేవి పోగా 240లో 96 మిగిలాయి. వీటిలో సగానికి సగం వీడియోలే. ఉపాధ్యాయుడు చెప్పే పాఠాన్నే తెరమీద మరొకరు ఇంకాస్త వేగంగా చెప్పే వీడియో వల్ల తరగతికి ఒరిగేది చాలా తక్కువ అని నా అభిప్రాయం. సెలవు పెట్టిన రోజున పనికొస్తుందేమో.

ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక అయిన దీక్షను మాత్రం ఉంచాము. అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు 2017 సెప్టెంబరు 5న దాన్ని ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలో అచ్చయిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చదివిస్తే ఆ పాఠానికి చెందిన సామగ్రి నేరుగా తెరుచుకోవడం దానిలోని అసలైన సుఖం, ఎందుకంటే అక్కడ మన రెండో షరతు పుస్తకంలోనే నెరవేరి ఉంది. కావలసినదాన్ని ముందు రాత్రి ఇంటి దగ్గర దించుకొని బడికి తీసుకుపోవాలన్నది కార్డులో మొదటి వరుసగా రాసుకున్నాము. బడికి వచ్చాక దించుకుందాములే అనుకున్నవారికి ఎప్పుడూ ఆ రోజే సిగ్నల్ ఉండదు.

జూలై 19

నా సబ్జెక్టుతోనే మొదటి కార్డు పరీక్షించాను. కొలరాడో విశ్వవిద్యాలయంవారి ఫెట్ సిమ్యులేషన్లు (తెరమీద మన చేతులతో మార్చి చూసే ప్రయోగాల నమూనాలు) భౌతిక, రసాయన, గణితశాస్త్రాలు చెప్పేవారికి చాలామందికి తెలిసినవే. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వైమన్ 2002లో ఆ పనిని మొదలుపెట్టారు. ఒక్కొక్క సిమ్యులేషన్‌ను ఒక్కొక్క ఫైలుగా దించుకొని ఏ బ్రౌజర్‌లోనైనా నెట్ లేకుండా తెరవవచ్చు, కొన్నింటికి తెలుగు అనువాదం కూడా ఉంది.

పోయిన వారం పదో తరగతికి విద్యుత్ వలయాల సిమ్యులేషన్‌ను కార్డు లేకుండా, ఊరికే ప్యానెల్ (తరగతి గదిలోని పెద్ద టచ్ తెర) మీద తెరిచి చూపించాను. పిల్లలు బ్యాటరీలు వరుసగా పేర్చి వలయానికి మంట పెట్టడంలో ఆనందించారు. బెల్లు కొట్టేసరికి వలయం గురించి వాళ్లకు కొత్తగా తెలిసినది ఏమీ లేదు. ఇవాళ కార్డు ప్రకారం వెళ్లాను. రెండు ఒకే రకం బల్బులు శ్రేణిలో కలిపితే దేనికి వెలుతురు ఎక్కువ అని ముందు అడిగి, జవాబును నోటు పుస్తకంలో రాయించాను. 38 మందిలో 27 మంది మొదటి బల్బుకే ఎక్కువ అని రాశారు. "కరెంటు ముందు దానికే చేరుతుంది కద సార్, అది తిన్నంత తిని మిగిలింది రెండోదానికి ఇస్తుంది" అని వెనక బెంచీలోని అబ్బాయి చెప్పిన కారణం తరగతికంతటికీ నచ్చింది.

సిమ్యులేషన్ తెరవకుండా, ఊళ్లోని అంగట్లో కొన్న టార్చి బల్బులతో నిజమైన వలయం కట్టాను. మొదటి బల్బే ఎక్కువగా వెలిగింది! "చూసినారా సార్" అని తరగతంతా ఒక్కసారిగా అరిచింది. ఒక నిమిషం నాకూ నోట మాట రాలేదు. తరవాత రెండు బల్బులనూ స్థానాలు మార్చి బిగించమని ఒక అమ్మాయిని పిలిచాను. ఎక్కువగా వెలిగిన బల్బు రెండో స్థానంలోకి పోయినా అదే ఎక్కువగా వెలిగింది. అంటే తేడా స్థానంలో లేదు, బల్బులోనే ఉంది. విప్పి చూస్తే రెండింటి అడుగున ముద్రించిన ఓల్టులు వేరువేరు. అప్పుడు సిమ్యులేషన్ తెరిచి రెండూ సరిగ్గా ఒకే నిరోధం గల బల్బులను పెట్టి చూపితే, తెరమీద ఎలక్ట్రాన్ చుక్కలు బల్బుకు ముందూ వెనకా ఒకే వేగంతో కదలడాన్ని వాళ్లే కనిపెట్టారు. మూడో బల్బు కలపగానే మూడూ మసకబారాయి, చుక్కలన్నీ కలిసి నెమ్మదించాయి.

కార్డులో ఒక హెచ్చరిక చేర్చాను. ఆ సిమ్యులేషన్‌లోని మామూలు బల్బు నిరోధం మారదు, కానీ నిజమైన బల్బులో ఫిలమెంటు వేడెక్కిన కొద్దీ నిరోధం పెరుగుతుంది. కాబట్టి ఓమ్ నియమపు గ్రాఫును బల్బుతో గీయించి, తెరమీద గీతతో అది ఎందుకు కలవలేదని పిల్లలను తికమక పెట్టకూడదు. నిజమైన వస్తువు ముందు, తెర తరవాత అన్న క్రమాన్ని సైన్సు కార్డులన్నింటికీ నియమంగా రాసుకున్నాను.

ఆగస్టు 4

నెట్ లేని బడిలో ఇవన్నీ నడవాలంటే సామగ్రి ఒకచోట ఉండాలి. ఆఫీసు గదిలో మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను తుడిచి, దానిలో లినక్స్ ఎక్కించి, లర్నింగ్ ఈక్వాలిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ చేసిన కొలిబ్రి అనే పాఠాల సాఫ్ట్‌వేర్‌ను పెట్టాను. ఒక్కసారి నెట్ ఉన్నచోట కావలసిన ఛానెళ్లు దించుకుంటే, తరవాత బడిలోని వైఫై రూటరుకు కలిసిన ప్యానెల్, ఫోన్లు, ట్యాబులు అన్నీ ఆ ల్యాప్‌టాప్ నుంచే వాటిని చూడగలుగుతాయి. రూటరుకు బయటి నెట్ అక్కరలేదు. దానికి తోడు కివిక్స్ పెట్టాను. దానితో వికీపీడియాను మొత్తంగా ఒకే ఫైలులో దించుకోవచ్చు. తెలుగు వికీపీడియా, చిన్న చిన్న వాక్యాలతో రాసే సింపుల్ ఇంగ్లిష్ వికీపీడియా రెండూ దించాను.

ఇక్కడ ఒక రోజంతా పోయింది. కొలిబ్రి నడుస్తుంటే కివిక్స్ సర్వర్ లేవదు, కివిక్స్‌ను ముందు లేపితే కొలిబ్రి పలకదు. యంత్రం పాతదైపోయిందని దాన్ని తిట్టుకున్న తరవాత, సాయంత్రానికి తెలిసింది ఏమిటంటే, రెండూ అడిగే పోర్టు (యంత్రంలో ఒక్కొక్క ప్రోగ్రాము వాడుకునే ద్వారం నంబరు) ఒక్కటే, 8080. కివిక్స్‌ను 8081కి మార్చగానే రెండూ సర్దుకున్నాయి. ఒకే కుర్చీకోసం ఇద్దరు పట్టుబట్టినట్టయింది.

ఆగస్టు 9

కరెంటు పోయి వచ్చాక ల్యాప్‌టాప్ చిరునామా మారిపోయింది. నేను తలుపు మీద సుద్దముక్కతో రాసిన అంకెలనే ప్యానెల్లో కొట్టి, రాలేదని ఇద్దరు మేడంలు పీరియడు నష్టపోయారు. రూటరులో ఆ ల్యాప్‌టాప్‌కు ఎప్పటికీ ఒకే చిరునామా ఇచ్చేలా కట్టాను. తలుపు మీద ఇప్పుడు పెయింటుతో రాశాము.

ఆగస్టు 23

తెలుగు కార్డులు. ఈ పని ఇంత సంతోషం కలిగిస్తుందని అనుకోలేదు.

పెద్ద తెలుగు సారు ఇన్నాళ్లూ ఫోను ముట్టుకోనివారు, ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటు శోధన చూపించినప్పటినుంచి దాన్ని వదలడం లేదు. ఒక మాట కొడితే చాలా నిఘంటువులలోని అర్థాలు వరుసగా ఒకే పేజీలో వస్తాయి. వాటిలో బ్రౌణ్య నిఘంటువు కూడా ఉంది. దాన్ని కూర్చిన ఇంగ్లిష్ అధికారి సి.పి. బ్రౌన్ కడపకు వచ్చింది 1820లో. వేమన పద్యాలను సేకరించి అచ్చువేయించింది 1829లో. తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు 1852లో వెలువడింది. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. బస్సులో గంట ప్రయాణమంత దూరంలో పుట్టిన పనిని మా పిల్లలు ఇన్నాళ్లూ చూడలేదు.

ఎనిమిదో తరగతికి సారు రాసిన కార్డు ఇది: ఇంట్లో అవ్వా తాతా వాడే మాటలు, బడిలో మాట్లాడడానికి సిగ్గుపడే మాటలు, తలా ఐదు రాసుకొని రావాలి. గెనిమ, సద్ది, కొట్టం, అగ్గి, ఇట్లాంటివి 140 దాకా వచ్చాయి. తరగతిలో ఒక్కొక్క మాటా వెదికి, నిఘంటువులో దొరికినదాన్ని ఒక రంగు కాగితం మీద, దొరకనిదాన్ని ఇంకొక రంగు కాగితం మీద రాసి గోడకు అంటించారు. నిఘంటు శోధనకు నెట్ కావాలి కాబట్టి మొదటి షరతు ఇక్కడ తప్పింది. సారు ఫోను హాట్‌స్పాట్‌తో నడిపించారు. కార్డు మీద "నెట్ తప్పనిసరి" అని ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. అన్ని షరతులూ పట్టుకొని వేలాడితే ఇంత మంచి కార్డు పోయేది.

పద్యాలకు తెలుగు వికీసోర్సు చాలు. వేమన శతకం, సుమతీ శతకం వంటివి కాపీహక్కుల గడువు తీరినవి కాబట్టి అచ్చువేసుకోవచ్చు, పిల్లలకు పంచవచ్చు. పాఠాంతరాలు వచ్చినప్పుడు పుస్తకంలోనిదే సరి అని పిల్లలకు చెప్పకుండా, రెండూ పక్కపక్కన పెట్టి గణాలు కట్టించి చూడమని సారు సూచన.

సెప్టెంబరు 6

సాంఘికశాస్త్రం మేడం పట్టిన దారం కూడా మన జిల్లాలోనే ఉంది. ఇప్పటిదాకా తెలిసిన తెలుగు శాసనాలలో తొలిదిగా చెప్పే కలమళ్ల శాసనం మాకు దగ్గరలోని ఎర్రగుంట్ల మండలంలోది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించినది. కాలం సుమారు క్రీ.శ. 575. అనంతపురం, కడప జిల్లాల తెలుగు చోళ శాసనాలను ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల పత్రిక 27వ సంపుటంలో ప్రకటించారు. ఇలాంటి పాత సంపుటాల స్కానులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. మేడం ఆ సంపుటాన్ని దించి, శాసనపు అచ్చు ఉన్న పేజీని పెద్దగా ప్రింటు తీయించి, ఏ అక్షరం గుర్తుపడతారో చూడమని తొమ్మిదో తరగతికి ఇచ్చారు. "రేనాణ్డు ఏళన్" అన్న మాటలను చదివి చెప్పాక, ఏళన్ అంటే ఏలుతుండగా అని అర్థం చేసుకోవడానికి వాళ్లకు ఎవరి సాయమూ కావలసిరాలేదు.

భూగోళానికి ఇస్రోవారి పటాల వెబ్‌సైటు భువన్, గూగుల్ ఎర్త్ రెండూ ఉంచాము. గూగుల్ ఎర్త్‌లోని టైమ్‌లాప్స్ 1984 నుంచి ఉపగ్రహ చిత్రాలను ఏడాది తరవాత ఏడాదిగా చూపిస్తుంది. గండికోట దగ్గర పెన్న చీల్చిన లోయనూ, దాని ఎగువన ఇటీవలి సంవత్సరాలలో నిండిన జలాశయాన్నీ దానిలో చూపించాలని కార్డు రాశాము. చిత్రం నడుస్తుండగా ఒక అమ్మాయి లేచి, నీళ్లు వచ్చిన ఒకచోట వేలుపెట్టి, "ఈడే మేడం మా జేజి వాళ్ల ఊరు" అంది. ముంపు ఊరి నుంచి వచ్చిన కుటుంబమని మాకు తెలియదు. పెన్న నీటి వాడకం గురించి మేడం సిద్ధం చేసుకున్న ప్రశ్నలు అక్కడే ఆగాయి. మిగిలిన పీరియడు ఆ అమ్మాయి తన ఊరి వీధులు చెప్పింది, మిగతా పిల్లలు విన్నారు. ఈ కార్డు వెనకవైపు "తరగతిలో ముంపు కుటుంబాల పిల్లలు ఉన్నారేమో ముందు తెలుసుకోవాలి" అని రాశాము.

సెప్టెంబరు 20

గణితం. మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన, తెరమీద రేఖాగణిత బొమ్మలు గీసి కదిపి చూసే జియోజెబ్రా సాఫ్ట్‌వేర్ మీద మా లెక్కల సారుకు మొదటినుంచీ అనుమానం: మూలను లాగితే బొమ్మ మారుతుంది, కోణాల మొత్తం మారదు, ఇక నిరూపణ ఎందుకని పిల్లవాడు అడుగుతాడు అని. ఆ అనుమానానికి జవాబు అనుకోకుండా దొరికింది. ఏడో తరగతిలో ఒక త్రిభుజానికి కోణాలు 47.33, 61.33, 71.33 డిగ్రీలుగా కనిపించాయి. కూడితే 179.99. పిల్లలు తప్పు పట్టుకున్నామని సంబరపడ్డారు. దశాంశ స్థానాలు రెండే చూపించమన్నాము కాబట్టి మిగిలినది రాలిపోయిందని సెట్టింగు మార్చి చూపించినా ఒక అబ్బాయి ఒప్పుకోలేదు: "ఇంకా ఎన్ని స్థానాలు పెంచితే కచ్చితంగా 180 అవుతుంది సార్?" ఆ ప్రశ్నతోనే సారు సమాంతర రేఖ గీసి నిరూపణ చెప్పారు. కార్డులో ఇప్పుడు ఆ మూడు అంకెలనే ఉదాహరణగా ఇచ్చాము.

అక్టోబరు 18

దసరా సెలవుల తరవాత ప్రాథమిక పాఠశాలల వంతు. ప్రథమ్ బుక్స్ వారు 2015 సెప్టెంబరు 8న, అంటే అంతర్జాతీయ అక్షరాస్యతా దినం నాడు, ప్రారంభించిన స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైటులో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉన్నాయి. పీడీఎఫ్‌గా దించి ప్రింటు తీసుకోవచ్చు. ఒకే కథను తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ పక్కపక్కన పెట్టుకోవచ్చు కాబట్టి ఆ రెండు భాషలకూ వేరే కార్డులు పెద్దగా రాయవలసిరాలేదు. కథ కింద రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచితే, మార్చుకొని వాడుకోవడానికి కూడా లైసెన్సు అనుమతిస్తుంది. మా ఎస్.జి.టి. (ప్రాథమిక తరగతులు చెప్పే) మేడం ఒక అనువాద కథలోని పుస్తకపు తెలుగును మన సీమ మాటలోకి మార్చి రెండో తరగతిలో చదివారు. రెండు ప్రతులూ సర్వర్‌లో ఉన్నాయి.

జీవశాస్త్రానికి అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ ముంబయి కలిసి చేసిన తెరమీది ప్రయోగశాల ఓల్యాబ్స్ తీసుకున్నాము. పరికరాలు లేని ప్రయోగాన్ని ఒకసారి చూడడానికి అది పరవాలేదు, చేతితో చేయగలిగినదానికి మాత్రం బదులు కాదు. చేతితో చేయడానికి అరవింద్ గుప్తా గారి వెబ్‌సైటును మించినది నాకు కనిపించలేదు. 2018లో పద్మశ్రీ అందుకున్న ఆయన పారేసిన సీసాలు, అగ్గిపుల్లలు, సైకిలు ట్యూబులతో చేయించే బొమ్మలకు మా ఊరి అంగట్లో దొరకని సరుకు ఏదీ అక్కరలేదు.

నవంబరు 8

తప్పు దిద్దుకోవలసిన రోజు. సర్వర్‌లో ఒకరు ఎక్కడినుంచో దించి పెట్టిన 30 వీడియోలు కనిపించాయి. ఉచితంగా చూడగలగడం వేరు, ప్రతి తీసి పంచే హక్కు ఉండడం వేరు అన్న తేడాను మేము ఎవరికీ చెప్పలేదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యపుస్తకాలు కూడా ఉచితంగా దించుకోవచ్చు కానీ తిరిగి ప్రచురించకూడదు. ఫెట్, స్టోరీవీవర్, వికీపీడియా వంటివి ఇతరులు పంచుకోవడానికి ముందే అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉన్నాయి కాబట్టి పేరు చెప్పి పంచవచ్చు. ఉచిత పాఠాల వెబ్‌సైటు ఖాన్ అకాడమీ సామగ్రిని వ్యాపారానికి వాడకూడదు. ఆ 30 వీడియోలూ తీసేసి, ప్రతి కార్డు మీద లైసెన్సు వరుస ఒకటి చేర్చాను. దీనికే రెండు ఆదివారాలు పోయాయి.

ఇదే వారం పి.ఇ.టి. సారు వచ్చి, మీ పట్టీలో నాకు ఒక్క వరుస కూడా లేదేమి అని అడిగారు. నిజమే. ఖోఖో, కబడ్డీ నియమాలను తెలుగు వికీపీడియా నుంచి తీసి ఇద్దామని చూస్తే, ఆయన చదివి, కబడ్డీ వ్యాసంలో తనకు తెలిసినవి నాలుగు చేర్చాలన్నారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఇలాంటి చేతులతోనే నడుస్తోంది. ఖాతా తెరిచి ఇచ్చాను. మేము దించుకున్న ప్రతిలో ఆయన మార్పులు రావు. వచ్చే ఏడాది కొత్త ప్రతి దించుకున్నప్పుడు వస్తాయి.

డిసెంబరు 13

కాంప్లెక్సు సమావేశం. 312తో మొదలైన లెక్క 44 కార్డుల దగ్గర ఆగింది. వాటిలో 35 నెట్ లేకుండా నడుస్తాయి, 9 కార్డుల మీద ఎర్ర గుర్తు ఉంది. సామగ్రిని ఆరు పెన్‌డ్రైవుల మీద ఎక్కించి ఆరు బడులకు ఇచ్చాము. సర్వర్ పెట్టుకోగల యంత్రం ఉన్నవి వాటిలో రెండే, మిగిలినవి ప్యానెల్‌కే పెన్‌డ్రైవు గుచ్చి నడుపుకుంటాయి. జూన్‌లో అడిగిన ప్రశ్ననే మళ్లీ అడిగాను. ఇవాళ వచ్చినవారు 21 మంది, చేతులు లేచినవి 13. మిగిలిన ఎనిమిది మందిలో ముగ్గురి గదులలో ప్యానెల్ లేదు. వారి కోసం తెర అక్కరలేని కార్డులు, అంటే ప్రింటుతో, వస్తువులతో నడిచేవి, విడిగా కట్టగట్టి ఇచ్చాను.

పెద్ద తెలుగు సారు 17వ నంబరు కార్డును ఎర్ర సిరాతో తిప్పి పంపారు. విద్యుత్ వలయాల కార్డులో నేను రాసిన అరపేజీలో ఏడు అక్షర దోషాలు, రెండు చోట్ల క్రియ లేని వాక్యాలు ఉన్నాయట. సోమవారం మళ్లీ ప్రింటు తీయాలి.